ఆ రోజు నేను తీసేసిన క్యాపో

నా చిన్నప్పుడు, సిరొంచలో ఎనిమిదో తరగతి చదువుతున్న ఏడు, మా పక్కింటి అక్క పాటను నేను చెడగొట్టాను. ఆమె గొంతే ఆ రోజు మొరాయించిందని ఊరంతా అనుకుంది. కొన్నాళ్లు ఆమె కూడా అలాగే అనుకుంది. ఆమె గొంతుకు ఏమీ కాలేదు. గిటారు మెడ మీద తీగలను అదిమిపట్టి శ్రుతి పెంచే క్యాపో అనే క్లిప్పును నేను తీసి జేబులో వేసుకున్నాను. జరిగింది అంతే. నలభై దగ్గరపడుతున్న ఈ వయసులో కూడా దీన్ని రాయడానికి కూర్చుంటే చెయ్యి ముందుకు సాగడం లేదు.

గిటారు మా మేనమామది. అల్లపల్లి కలప డిపోలో పని చేసేవాడు. రెండువేలు దాటిన కొత్తలో ఆయనకు దూరం బదిలీ అయింది. సామాన్లతో పాటు దాన్ని మోసుకుపోలేక మా ఇంట్లో పెట్టి వెళ్లాడు. దాంతో పాటు బొమ్మలున్న చిన్న పుస్తకం ఒకటి ఇచ్చాడు. ఆ బొమ్మలు చూసి నేను నాలుగు కార్డులు, అంటే తీగల మీద వేళ్లు పెట్టే నాలుగు పద్ధతులు, నేర్చుకున్నాను. నాలుగే. సిరొంచలో ఇంకొక గిటారు నేను చూడలేదు కనుక నాకంటే గొప్పవాడు లేడని అనుకునేవాణ్ని.

మా తాతయ్యకు బామ్నిలో వరి పొలం ఉండేది. శనివారం వస్తే హనుమాన్ గుడిలో భజనకు హార్మోనియం వాయించేవాడు. ఎవరి గొంతునైనా ఆయన మెట్లతోనే గుర్తుపెట్టుకునేవాడు. పోస్టాఫీసాయనది తెల్లది రెండు, జలుబు చేస్తే ఒకటి. మా నాయనమ్మది నల్లది నాలుగు, కోపమొస్తే ఎక్కడికి పోతుందో చెప్పలేం. పక్కింటి అక్కది నల్లది ఐదు. అంటే హార్మోనియం మీద ఐదో నల్లమెట్టును ఆధారం చేసుకుని పాడితే ఆమె గొంతు కిందికీ పైకీ హాయిగా తిరుగుతుంది. తాతయ్య తానే కట్టుకున్న ఒక భజన పాట ఆమెకు నేర్పాడు. ఆ పాట బాగా కిందినుంచి మొదలై మెల్లగా పైకి లేస్తుంది.

నాకొచ్చిన నాలుగు కార్డులతో ఆ పాట వాయిస్తే తెల్లది ఐదులో పడేది. అక్క గొంతుకు అది మూడు మెట్లు తక్కువ. నేను ఎంత వాయించినా ఇద్దరికీ కలిసేది కాదు. ఒకరోజు తాతయ్య గిటారును ఒళ్లో పెట్టుకుని, మెడ మీది ఇనుప గీతలను వేలితో తడిమి చూశాడు. ఒక పెన్సిలును మూడో మెట్టు దగ్గర తీగల మీద అడ్డంగా పెట్టి, సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టాడు. "ఇగ కొట్టు," అన్నాడు. అవే నాలుగు కార్డులు వాయించాను. సరిగ్గా నల్లది ఐదు వచ్చింది. గిటారు పట్టడం కూడా రాని మనిషి అది ఎలా కనుక్కున్నాడా అని నోరు తెరిచాను. "హార్మోనియం పెట్టె కాడ గూసుంటే ఇందుల ఏం పరేషాన్ లేదురా. గొంతు కదలదు. పెట్టెనే కదలాలె," అన్నాడు.

పెన్సిలు నిలవలేదు. నడిమి తీగలు జివ్వుమని కొట్టుకునేవి. కంటి పరీక్షకు చంద్రపూర్ పోయినప్పుడు తాతయ్య నన్నూ, గిటారునూ బస్సెక్కించాడు. వాయిద్యాల దుకాణంలో మూడు రకాల క్యాపోలు చూపించారు. సాగే పట్టీది ఒకటి తేలికగా ఉంది. పెడితే సన్న తీగ సరిగా అణగక బుసబుసమంది. మరలు తిప్పి బిగించేది ఇంకొకటి. దాన్ని నేను ఉత్సాహంగా బిగించేసరికి తీగలన్నీ శ్రుతి కంటే ఒకింత పైకి పోయాయి. దుకాణందారుకు ఆ తేడా తెలియలేదు, నాకూ తెలియలేదు. తాతయ్య కళ్లు మూసుకుని, "జర ఎక్కువ పిసుకుతున్నది," అన్నాడు. మూడోది స్ప్రింగుతో నొక్కుకునే ఇనుప క్లిప్పు. లోపలి రబ్బరు గిటారు మెడకున్న కొద్దిపాటి వంపుకు తగినట్టు వంగి ఉంది. మెట్టు గీత మీద కాకుండా దానికి కాస్త వెనుక పెట్టించాడు. ఆరు తీగలనూ ఒక్కొక్కటిగా మీటించాడు. రెండుసార్లు తీయించి, రెండుసార్లు పెట్టించాడు. దుకాణందారు విసుక్కున్నా పట్టించుకోలేదు. ఆఖరికి అదే తీసుకున్నాం.

ఆ ఏడు బడిలో గ్యాదరింగ్ వచ్చింది. వార్షికోత్సవాన్ని మా దగ్గర అందరూ అలాగే అంటారు. అక్క అదే బడిలో పన్నెండో తరగతి. ఆమెకు చంద్రపూర్‌లో సంగీతం నేర్చుకోవాలని ఉండేది. కిరాణా దుకాణం నడిపే వాళ్ల నాయిన ఒప్పుకోలేదు. నేను ఆయన్ను కాక అని పిలిచేవాణ్ని. ఇంట్లో ఎన్నాళ్లో ఏడుపులు, అలకలు అయ్యాక ఆయన ఒక్క మాటకు దిగాడు. గ్యాదరింగ్‌కు పాటలు చూడడానికి చంద్రపూర్ నుంచి ఒక సంగీతం మేడం వస్తోంది. "గా మేడం బాగున్నదంటె పంపుత. లేకుంటె పన్నెండోది కాంగనే దుకాణంల కూసో. మల్ల నన్ను సతాయించొద్దు," అన్నాడు. గ్యాదరింగ్ వారం హార్మోనియం వేరే ఊరి భజన సప్తాహానికి పోవాలి. గిటారుతో పాడతానని అక్క నన్ను అడిగింది. నెల రోజులు మధ్యాహ్నాలు కూర్చుని సాధన చేశాం. క్యాపో మూడో మెట్టు మీద, పాట ఆమె గొంతులో. అంతా బాగానే ఉంది.

గ్యాదరింగ్ రోజు వేదిక వెనుక తీగలు సరిచేసుకుంటున్నాను. నాగ్‌పూర్ కాలేజీలో చదివే అన్న ఒకడు వచ్చి నా గిటారు వైపు చూసి నవ్వాడు. "ఏందిర, దండెం మీద బట్టలకు పెట్టే క్లిప్పు గిటారుకు పెట్టినవ్? చెయ్యి రానోళ్లు పెడ్తరు గది. మా కాలేజీల ఎవ్వడన్న జూస్తె పరువు పోతది." పక్కన ఇద్దరు ముగ్గురు కూడా నవ్వారు. చెయ్యి వచ్చినవాళ్లు కూడా పెట్టుకుంటారని నాకు అప్పుడు తెలియదు. తెలిసినా ధైర్యంగా చెప్పేవాణ్ని కాదేమో. క్యాపో తీసి మీటి చూశాను. తీగలు బారుగా, గంభీరంగా మోగాయి. అవే కార్డులు, అదే పాట, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. అక్కకు చెప్పలేదు.

మొదటి కార్డు మోగగానే ఆమె ఒకసారి నా వైపు తిరిగి చూసింది. నేను తల వంచుకుని వాయిస్తూనే ఉన్నాను. ఆమెకు ఆధారం నా గిటారు ఒక్కటే. దాన్నే నమ్ముకుని పాట ఎత్తుకుంది. అసలే కింద మొదలయ్యే పాట, ఇంకా మూడు మెట్లు కిందికి పోయింది. మైకులో ఊపిరి తప్ప మాట వినపడలేదు. వెనుక నిలబడ్డ పిల్లలు "ఆవాజ్! ఆవాజ్!" అని అరిచారు. రెండో చరణానికి ఆమె తనకు అలవాటైన శ్రుతిలోకి లేచింది. గిటారు అక్కడ లేదు. రెండూ విడిపోయాయి. ఆపేసింది. మెడ పట్టుకుని, దగ్గి, మళ్లీ మొదలుపెట్టింది. అప్పుడు నా చెయ్యి జేబు దాకా పోయింది. క్లిప్పు పెట్టడానికి ఒక్క క్షణం చాలు. వేదిక పక్కన ఆ కాలేజీ అన్న చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి వెనక్కి తీసుకుని, మళ్లీ అదే తప్పు శ్రుతిలో వాయించాను.

అక్క మూడో వాక్యం దగ్గర ఆగి, అందరికీ దండం పెట్టి దిగిపోయింది. మేడం కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి పేరు పిలిపించింది. ఆ సాయంత్రం వాళ్ల వాకిట్లో కాక కోప్పడలేదు. "గొంతు లేదని నీకే తెల్సింది గద బిడ్డా. ఇగ పాట ముచ్చట బంద్," అన్నాడు. ఏమైందని అడిగిన వాళ్లకు నేను తీగ వదులైందని చెప్పాను.

మా తాతయ్య జనంలోనే కూర్చుని విన్నాడు. తెల్లది ఐదుకూ నల్లది ఐదుకూ తేడా తెలియని మనిషి కాదు. హార్మోనియం తిరిగొచ్చాక శనివారం భజనలో, ఎప్పుడూ నేను పాడే పాట ఎత్తుకోమన్నాడు. హార్మోనియం మీద ఆయన వేళ్లు ఎక్కడ ఉన్నాయో నేను చూడలేదు. పాడబోతే గొంతులోంచి గాలి వచ్చింది. గొంతు సవరించుకుని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ గాలే. తాళాలు కొట్టేవాళ్లు నవ్వారు. పోస్టాఫీసాయన, "ఏంది మనుమడా, అన్నం తినలేదా?" అన్నాడు. తాతయ్య ఆపకుండా వాయిస్తూనే ఉన్నాడు. నాకు ఏడుపొచ్చే దాకా ఆగి, వెంటనే గొంతెత్తి, "తప్పు నాది. పోరనికి మూడు మెట్లు కింద పెట్టిన," అని అందరికీ వినపడేలా చెప్పి, నా శ్రుతిలోకి మార్చాడు. నవ్వు ఆగింది. నేను పాడలేకపోయాను. ఆయన నా వైపు చూడకుండా వేరే పాట ఎత్తుకున్నాడు.

మర్నాడు దుకాణానికి పోయాను. కాక ఎవరికో బెల్లం తూస్తున్నాడు. కొనడానికి వచ్చిన ఆ మనిషి ముందే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన తూకం ఆపి నా వైపు తిరిగాడు. "నాకు జెప్తె ఏం ఫాయిదరా? పాట ఇన్నది నేనా? ఇన్నది మేడం. పో, ఆమెకు జెప్పు," అని మళ్లీ తక్కెడ వైపు తిరిగాడు. బియ్యం బస్తాల వెనుక నుంచి అక్క బయటికి వచ్చింది. ఆమె అక్కడ ఉన్నదని నాకు తెలియదు. "మల్ల షురూ జేసినప్పుడు గూడ నీకు తెల్సా తమ్మీ?" అని అడిగింది. తెలుసన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మేడంకు ఉత్తరం రాశాను. మా బడి మరాఠీది, మేడం చదివేదీ మరాఠీయే. ఆ భాషలో నాకు రాయడం వచ్చిన ఉత్తరం సెలవు అర్జీ ఒక్కటే. దాని పద్ధతిలోనే 'విషయం: గిటారుకు క్యాపో తీసివేసిన సంగతి' అని పైన పెట్టి, కింద తప్పంతా రాసి, అర్జీలకు ఉండే అలవాటు ప్రకారం 'పాలకుల సంతకం', అంటే ఇంటి పెద్దల సంతకం, అని గీత కూడా గీశాను. తాతయ్య చదివించుకుని విన్నాడు. నవ్వకుండా ఆ గీత మీద సంతకం పెట్టాడు.

జవాబు రావడానికి నెల దాటింది. పరీక్షలయ్యాక అమ్మాయిని తీసుకురండి, మళ్లీ వింటాను, ఆ అబ్బాయిని కూడా తీసుకురండి అని పోస్టుకార్డు వచ్చింది. పరీక్షలయ్యేసరికి అడవిలో బీడీల తునికాకు కోసే సీజన్ మొదలైంది. కూలీలంతా సామాను కొనే రోజులు, దుకాణం వదిలి రాలేనన్నాడు కాక. తర్వాత వానలు పడి, వాగులు పొంగి, బస్సులు నిలిచిపోయాయి. సంగీతంలో చేరవలసిన గడువు దాటిపోయింది. అక్క ఆ ఏడాదంతా దుకాణంలో కూర్చుంది. నేను ఉప్పుకో పప్పుకో పోతే పొట్లం కట్టి ఇచ్చేది. ఒక్కసారి కూడా పాట ప్రస్తావన తేలేదు. నేను చేసిన పని వల్ల ఒక మనిషి ఏడాది అలా పోవడం రోజూ చూశాను.

మరుసటి వేసవి చివర కాక, అక్క, నేను ముగ్గురం చంద్రపూర్ పోయాం. మేడం ఇంట్లో నిలబడి, ఉత్తరంలో రాసిందంతా మళ్లీ నోటితో చెప్పాను. ఆమె పూర్తిగా విని కూర్చోమంది. గిటారు తీసి, "ముందు నువ్వే ఎత్తుకో అక్కా," అన్నాను. ఏడాదిగా పాడని గొంతు, పొద్దున్నుంచి బస్సులో దుమ్ము. ఆమె చిన్నగా మొదటి వాక్యం పాడి, ఆ తర్వాత అన్నిటికంటే పైన ఉండే వాక్యం పాడింది. కింది మాట బాగానే ఉంది, పైది అందడం లేదు. క్యాపో మూడో మెట్టు మీద పెట్టాను. రెండుకు తెచ్చాను. ఒకటికి తెచ్చి చూసి, మళ్లీ రెండుకు పెట్టాను. ఆరు తీగలూ విడివిడిగా మీటి చూశాను. మేడం తొందరపెట్టలేదు. అక్క నా వైపు చూసి తల ఊపింది. అప్పుడు వాయించాను.

పాట అయ్యాక మేడం, ఈ పిల్ల ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని కాకను అడిగింది. అక్కను సంగీతం నేర్చుకోవడానికి అక్కడే వాళ్ల చుట్టాలింట్లో ఉంచి వచ్చాం. మమ్మల్ని సాగనంపడానికి బస్టాండుకు వచ్చి అక్క నాతో అంది ఒక్కటే మాట: "తొవ్వల మా నాయినను జర జూసుకో తమ్మీ."

ఆ తర్వాత నేను చాలామంది పాటకు పక్కన కూర్చున్నాను. ఎక్కడైనా శ్రుతి తప్పితే ముందు నా చెయ్యి ఆపి, తప్పు నాదని మైకులోనే చెబుతాను. ఒక్కోసారి తప్పు నాది కాకపోయినా నోరు దానంతటదే ఆ మాట అనేస్తుంది. పాడేవాళ్లు నీళ్లు తాగి, నవ్వి, మళ్లీ మొదలుపెడతారు. అక్కకు ఆ అవకాశం నేను ఇవ్వలేదు.

ఆ రోజు చంద్రపూర్ నుంచి తిరిగొస్తూ బస్సులో కాక ఆష్టి దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఏదో లెక్క వేసుకుంటున్నాడనుకున్నాను. దుకాణంలో రేపటి నుంచి తానొక్కడే కదా. అల్లపల్లి దాటి టేకు అడవిలో పడ్డాక బస్సు గుంతల్లో ఊగుతుంటే నిద్రపోయాడు. తల మెల్లగా నా భుజం మీదికి ఒరిగింది. చెమట వాసన, బెల్లం వాసన. కాసేపటికి చెయ్యి తిమ్మిరెక్కింది, మెడ లాగింది. ఆయన లేస్తాడేమోనని నేను సిరొంచ వచ్చేదాకా భుజం కదపలేదు.