పిలవని పేరుకు పలికిన గొంతు

దయ్యాల మాట ఎత్తితే మా ఇంట్లో అందరికన్నా ముందు నవ్వేది నేనే. పెరియకుళం పక్కన మామిడితోపుల మధ్య పుట్టి, అక్కడే కాపురం చేసినదాన్ని. మా అమ్మకూ, మా అత్తకూ చివరి స్నానం చేయించింది ఈ చేతులే. ఏ రోజూ నాకు ఏదీ కనబడలేదు. దయ్యం పట్టిందని ఊగే ఆడవాళ్ళను చూస్తే, పాపం ఆ ఇంట్లో ఏం కష్టమో అనుకునేదాన్ని. ఇప్పుడు చెప్పేది విన్నాక కూడా నన్ను ఆ నమ్మేవాళ్ళలో కలపకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

నాకు అరవై ఎనిమిదేళ్ళు. కొన్నేళ్ళుగా చెవులు మందగించాయి. మగవాళ్ళ మాట పడుతుంది, ఆడవాళ్ళ సన్నగొంతు పడదు. చెవి మెషిన్ పెట్టుకోమంటే సిగ్గుపడి వద్దన్నాను. అప్పుడు కోయంబత్తూరు మిల్లు ఆఫీసులో పనిచేసే నా మనవరాలు మీనా ఇయర్‌బడ్స్ తెచ్చింది. తెల్లగా వెల్లుల్లి రెబ్బల్లా ఉన్నాయి. ఫోనులోనే ఏదో పరీక్ష పెట్టి, సన్నటి కూతలు వినిపించి, వినబడినప్పుడల్లా నొక్కమంది. నేను నొక్కనివే ఎక్కువ. దాన్నిబట్టి నా చెవులకు సరిపోయేట్టు మార్చింది.

"ఫోను యాడ పెడితే ఆడి మాట నీ చెవిలో పడతాదవ్వా. మెషిన్ అని ఎవురికీ తెలీదు" అంది.

నిజమే, తెలియలేదు. పక్కింటి పాపాత్తి నన్ను చూసి, "ఏమక్కా, ఈ వయసులో పాట వింటా ఉండావా?" అని వెక్కిరించింది.

"నీ చాడీలు వినేదానికే పెట్టుకున్నా. సొల్లు, చెప్పు" అన్నాను.

బాగా వినబడేది. కానీ ప్రతి గొంతూ రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండేది. నా గొంతు కూడా అంతే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

మా ఇంట్లో ఒక మొక్కు ఉంది. ఏటా ఆషాఢం నాటి ఆడి నెలలోనూ, పెళ్ళికి ముందూ, మా ఇంట్లో పోయిన ఆడవాళ్ళకు కొత్త చీర వెదురుబుట్టలో పెట్టి పూజ చేస్తాం. పెద్దకోడలిగా నేను బుట్ట ఎదుట కూర్చుని ఒక్కో పేరూ వరసగా పిలిచి, "వచ్చినావా?" అని అడగాలి. వెనక కూర్చున్న ఆడవాళ్ళు అందరూ కలిసి "వచ్చినా" అనాలి. అప్పుడు ఆ పోయినామె పేరుతో చిటికెడు పసుపు పెట్టాలి. అయ్యేదాకా వెనక్కి తిరగకూడదు. ఇంకొకటి, ఒకసారి విడిచిన పేరును మళ్ళీ పిలవకూడదు. అది మా అత్త నాకు చెప్పిన కట్టుబాటు.

అంతకుముందు ఆడిలో వాళ్ళ జవాబు నా చెవిన పడక, పేరు మీద పేరు పిలిచి అంతా గందరగోళం చేశాను. ఆడపిల్లలు నవ్వారు. ఇయర్‌బడ్స్ వచ్చాక ఆ బెంగ తీరింది.

మొత్తం తొమ్మిది పేర్లు. ఆఖరిది రాజమ్మ. నా సొంత చెల్లెలు. మా మరిదికే ఇచ్చి చేశారు. ఇరవై రెండేళ్ళకే తోటబావిలో పోయింది. కాలు జారిందని మేము చెప్పాం. ఊరు వేరే చెప్పింది. ఏది నిజమో నాకూ తెలియదు. తర్వాత మరిది సరస్వతిని చేసుకున్నాడు. మంచి పిల్ల. నన్ను అక్కా అనే పిలుస్తుంది.

సరస్వతి కూతురు కవితకు వాడిపట్టి సంబంధం కుదిరింది. పెళ్ళికి ముందు చీర పూజకు పెళ్ళికొడుకు వాళ్ళూ వస్తామన్నారు. దానికి రెండు రోజుల ముందు సరస్వతి వంటింట్లో నా పక్కన కూర్చుంది. నేను తరుగుతున్న కూరలు తనూ అందుకుని తరగసాగింది.

"చెప్పు కణ్ణూ" అన్నాను.

"అక్కా, నీ చెల్లి పేరు ఈసారి విడిచిపెట్టవా? వాళ్ళు ముందరే కూర్చుంటారు. రాజమ్మ యారు, ఎవురామె అంటే నేనేమి చెప్పేది? మొదటి పెండ్లాము బావిలో పోయిందని తెలిస్తే, నా బిడ్డ పెండ్లి నిలుస్తాదా?"

"విడిస్తే మళ్ళా పిలిచేదానికి లేదు. తెలుసు కదా?"

"తెలుసు. కవిత కూడా నీ బిడ్డే కదక్కా?"

నేను సరి అన్నాను. ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నా నోటితో నేనే అన్నాను.

పూజ పొద్దున పదిగంటలకు. ఎండ నడవలోకి వచ్చి ఉంది. నా వెనక మా ఆడవాళ్ళు ఏడుగురు. వాళ్ళ మధ్య పీట మీద మీనా ఫోను పెట్టింది. సంబంధం వాళ్ళు పక్కగా గోడవైపు కూర్చున్నారు.

ఎనిమిది పేర్లు పిలిచాను. ఎనిమిదిసార్లు రేకు డబ్బా గొంతులు కలిసి "వచ్చినా" అన్నాయి. ఎనిమిది చిటికెల పసుపు పెట్టాను. తొమ్మిదో పేరు నాలుక మీదికి వచ్చింది. మింగేసి కర్పూరం అందుకున్నాను.

"వచ్చినానక్కా."

ఒక్కటే గొంతు. గట్టిగా కాదు, కోపంగా కాదు. పని ముగించుకుని కొంచెం ఆలస్యంగా వచ్చినవాళ్ళు చెప్పినట్టు. అది రేకు డబ్బాలోంచి రాలేదు. నా చెవులు బాగున్న రోజుల్లో మనిషి గొంతు ఎలా వినబడేదో, అలా వచ్చింది.

నేను వెనక్కి తిరిగాను. తిరగకూడదని తెలిసీ తిరిగాను. ఏడుగురి నోళ్ళూ మూసే ఉన్నాయి. అందరూ కర్పూరం ఎప్పుడు వెలిగిస్తానా అని నన్నే చూస్తున్నారు.

పూజ అయ్యాక సరస్వతిని పక్కకు పిలిచాను. నన్ను అక్కా అనేది ఆ ఏడుగురిలో తనొక్కతే. "నువ్వేమన్నా అన్నావా?" అని అడిగాను.

"నేనా? నువ్వు మరిచిపొయ్యి పేరు పిలిచేస్తావేమో అని ఊపిరి బిగబట్టి కూర్చుంటి. నోరు యాడ తెరిచినా?" అని ఏడ్చేసింది.

మిగతావాళ్ళనూ అడిగాను. ఎవరూ ఏమీ అనలేదు. మీనా ఫోను చూసి, "ఒక్కోసారి మాట లేటుగా వస్తాదవ్వా. ముందటిదే మళ్ళా వినపడి ఉంటాది" అంది. ముందటిది ఏడుగురు కలిసి అన్నది, అందులో అక్కా అన్న మాట లేదు. చెవి డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. వినికిడి తగ్గినవాళ్ళకు లేని గొంతులు వినబడడం ఉంటుందనీ, భయపడవద్దనీ చెప్పాడు. ఆయన మాటే నిజం కావచ్చు. కానీ అరవై దాటిన ఈ చెవి, ఇరవై రెండేళ్ళ గొంతును అంత తేటగా ఎలా తయారుచేసింది?

పెళ్ళి బాగా జరిగింది. కవిత సుఖంగా ఉంది. ఏ కీడూ జరగలేదు. జరిగి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

మరుసటి ఆడికి సరస్వతే వచ్చి, "అక్కా, కట్టుబాటు పోతే పోనీ. ఆ పేరు పిలువు. ఏమన్నా వస్తే నా మీదికి రానీ" అంది.

పిలిచాను. "రాజమ్మా, వచ్చినావా?" వెనక ఆడవాళ్ళు "వచ్చినా" అన్నారు. కాసేపు ఆగి మళ్ళీ పిలిచాను. పాపం, వాళ్ళు మళ్ళీ అన్నారు. రెండుసార్లూ రేకు డబ్బా గొంతులే. వేరే గొంతు లేదు. పసుపు చిటికె పట్టుకుని చెయ్యి నొప్పి పుట్టేదాకా కూర్చున్నాను.

ఆ తర్వాత కవిత తన పెళ్ళి వీడియో తెచ్చి చూపించింది. చీర పూజ కూడా తీశారట, నాకు తెలియదు. ఎనిమిదో పేరు అయ్యాక అందులో ఏ గొంతూ లేదు. ఎక్కడో గాజులు కదిలిన చప్పుడు. నా చెయ్యి కర్పూరం దగ్గర ఆగింది. అప్పుడు నేను తలెత్తి "ఊ" అన్నాను. ఆ తర్వాతే వెనక్కి తిరిగాను. అలా అన్నట్టు నాకు ఇప్పటికీ జ్ఞాపకం లేదు.

ఎవరికి జవాబిచ్చానో తెలియదు. ఎంత ఆలోచించినా తేలదు. ఒకటి మాత్రం ఆ వీడియో చూసిన దగ్గరనుంచి నన్ను వదలడం లేదు. వచ్చినానక్కా అంటే నేను ఊ అన్నానే గానీ, కూర్చోమ్మా అనలేదు.