పదకొండు సార్లు వేసిన పాట

ఆ రోజు నేను ఒకే సూదితో ఒకే రికార్డును పదకొండు సార్లు వేశాను. సూది అరిగిందని తెలిసే వేశాను. రికార్డు నాది కాదు.

ఈమధ్య పత్రిక తెరిస్తే చాలు, ఫలానా రాక్ పాటకు ఇన్నేళ్ళు నిండాయని, ఫలానా సినిమాకు ఇన్నేళ్ళని సగం పేజీ కనిపిస్తుంది. అప్పట్లో మేం ఎట్లా ఊగిపోయామో చెప్పే పెద్దమనుషులు, వాళ్ళ పాత ఫోటోలు. చదవడం మొదలుపెడతాను. సగంలోనే అలసట వస్తుంది, మడిచి పక్కన పెడతాను. ఊగినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఊపినవాణ్ణి కూడా నేనే.

అరవైల మొదట్లో గూడూరులో ఒక మైకుసెట్టు అంగట్లో పనిచేసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుంటాయి. పెళ్ళిళ్ళకు, సభలకు గ్రామఫోను పెట్టె తీసుకుపోయి, మైకు గొట్టాలు ఎత్తుగా కట్టి పాటలు వేయడం మా పని. రికార్డు మీద ఉక్కు సూది నడుస్తుంది. ఒక పాట అయిపోగానే ఆ సూది తీసేసి కొత్తది పెట్టాలి. లేకపోతే అరిగిన మొన రికార్డు మీది గీతల్ని గీకేస్తుంది. పనిలో చేరిన రోజు నాకు చెప్పిన మొదటి మాట అదే.

మా వీధి చివర మిషన్ ఆసుపత్రి నర్సు ఒకామె ఉండేది. వీధికంతా అక్క. ఆమె దగ్గర ఒక ఇంగ్లీషు రికార్డు ఉండేది, వినడానికి పెట్టె మాత్రం లేదు. యాభైల చివర్లో మద్రాసులో నర్సు చదువు ముగిసిన రోజున ఆమె, ఆమె స్నేహితురాలు కలిసి కొన్న రాక్ పాట అది. ఆ పాటకు హాస్టల్లో గంతులేసి ఇద్దరూ వార్డెన్ చేత తిట్లు తిన్నారట. రికార్డు ఒక ఏడు ఈమె దగ్గర, ఒక ఏడు ఆమె దగ్గర ఉండాలని ఒప్పందం. ఏటా అదే తేదీన స్నేహితురాలు మద్రాసు రైలు దిగేది. నేను పెట్టె మోసుకుపోయేవాణ్ణి. ఇద్దరూ చేపల పులుసుతో అన్నం తిని, చేతులు కడుక్కొని, చాప మీద కూర్చుని ఆ పాట ఒక్కసారి వినేవాళ్ళు. తర్వాత రికార్డు చేతులు మారేది.

"ఇంకోసారి వేసేదా అక్కా?" అని ఒక ఏడు అడిగాను.

"చాల్లే అబ్బయా, వచ్చే ఏటికి మిగలొద్దా!" అని నవ్వింది.

ఆ తర్వాత ఒక ఏడు ఊళ్ళో ఒక సినిమా వంద రోజులు ఆడింది. హాలు ముందు పండగకు మా మైకుసెట్టే. ఆ సినిమా పాటలు అప్పటికే ఊరంతా నలిగిపోయినాయి. కొత్తది ఏదన్నా వేసి అందరి నోళ్ళు మూయించాలని నా ఆరాటం. అక్క దగ్గరికి పోయాను. వాళ్ళ రోజుకు ఇంకా వారమే ఉంది.

"ఒక్కసారి అక్కా. ఒక్కటంటే ఒక్కసారి."

ఆమె రికార్డు తీసి నా చేతికిచ్చింది. "మద్రాసుదాని వంతు వస్తా ఉందిరా. పాడు చేసినావంటే అది నన్ను బతకనీదు. కొత్త సూది పెట్టు."

పెట్టాను. మొదటిసారి కొత్త సూదే. పాట మొదలవగానే హాలు ముందు కుర్రాళ్ళు చొక్కాలు విప్పి తిప్పారు. "అన్నా, ఇంకోసారి!" అన్నారు. అన్నా అని నన్నెవరూ అట్లా అరిచి పిలవలేదు అంతకు ముందు. జేబులో తెచ్చిన సూదుల్లో అదే ఆఖరిది, డబ్బా అంగట్లో ఉండిపోయింది. తెచ్చేలోపు ఊపు చల్లారిపోతుందని, అదే సూదిని రాయి మీద నూరి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నూరాను. చివరికి నూరడం కూడా మానేశాను. పదకొండోసారికి నల్లటి రికార్డు బూడిద రంగుకు తిరిగింది. అట్ట సంచిలో పెట్టి, ఏమీ చెప్పకుండా అక్కకు ఇచ్చేసి వచ్చాను.

వారం తర్వాత స్నేహితురాలు వచ్చింది. పెట్టె మోసుకుపోయాను. కొత్త సూది పెట్టాను. బియ్యం చెరుగుతున్నట్టు ఒకటే గరగర. ఆ వెనక ఎక్కడో మనిషి గొంతు.

"ఏమే, ఏం చేసినావు దీన్ని?" అంది స్నేహితురాలు.

అక్క నా వైపు చూసింది. నేను పెట్టె వైపు చూస్తూ, "పాతబడితే అంతేనక్కా, రికార్డుకైనా వయసొస్తది" అన్నాను.

అక్క అంది. "నేనే ఎండలో పెట్టి మరిచిపోయినా."

స్నేహితురాలు సాయంత్రం దాకా ఉండలేదు. "నువ్వే ఉంచుకో" అని రికార్డు వదిలేసి మధ్యాహ్నం రైలుకే పోయింది.

తర్వాత నాలుగు నెలలు నోరు విప్పలేదు నేను. అక్క మద్రాసుకు ఉత్తరాలు రాస్తా ఉంది, ఒక్కదానికీ జవాబు రావడం లేదు. తపాలా మనిషి వీధిలోకి వస్తే గడప దాకా వచ్చి, ఆయన దాటిపోగానే లోపలికి పోయేది. ఒక రోజు అది చూసి, ఇక నిలవలేక పోయి చెప్పాను.

"నాకు తెలుసులే" అంది. "ఆసుపత్రి దాకా వినపడింది నీ మైకు. కట్లు కడతా పదకొండు లెక్కపెట్టినా."

"మరి అప్పుడే అనలేదేం అక్కా?"

"నువ్వే అంటావని చూసినా."

 తిట్టి ఉంటే ఇంటికి పోయి పడుకునేవాణ్ణేమో. ఆ రికార్డు అడిగి తీసుకుని మర్నాడే మద్రాసు పోయాను. ముందు అంగళ్ళలో అదే పాట కోసం పొద్దంతా వెతికాను, దొరకలేదు. దొరికితే చెప్పే పని తప్పుతుందని లోపల ఆశ కూడా ఉంది, అదీ ఒప్పుకోవాలి. చివరికి స్నేహితురాలు పనిచేసే ఆసుపత్రికి పోయి, వార్డు వరండాలో ఆమె ముందు నిలబడ్డాను.

"అక్క ఎండలో పెట్టలేదు. నేను మొద్దు సూదితో వేసి చెడగొట్టినాను. మీ ముందర అబద్ధం కూడా చెప్పినాను. ఈ ఏడు ఇది మీ వంతు."

ఆమె రికార్డు సంచిలోంచి తీసి వెలుతురుకు తిప్పి చూసింది. 

"మీ అక్క ఉత్తరాలేవీ చింపలేదులే" అంది. "వచ్చే ఏడు సూదులు మరవకుండా తెచ్చుకో."

మరుసటి ఏడు అదే తేదీన ఆమె రైలు దిగింది. వాళ్ళిద్దరి ముందే కొత్త డబ్బా మూత తీసి, సూది బిగించి, ఆ గరగర పాటను ఒక్కసారి వేశాను. అయిపోగానే సూది తీసి పారేశాను. పెట్టె మూసి నెత్తిన పెట్టుకుని వచ్చేశాను. ఆ పెట్టె పనిచేసినన్నాళ్ళూ, ఏటా అట్లాగే చేశాను.