పంతొమ్మిదో పని

కరీంనగర్ నుంచి నిర్మల్ పోయే బస్సులో నా పక్క మనిషి నోటుబుక్కులో ఏదో రాస్తూ, కొట్టేస్తూ ఉన్నాడు. నేను అక్షరాలు నేర్చింది అరవై దాటాక. ఎవరు రాస్తున్నా తొంగి చూడటం నా రోగం.

"ఏం రాస్తున్నవు బిడ్డా?"

"నా పని రాస్తున్న పెద్దవ్వా. గల్ఫ్‌ల పన్నెండేండ్లు వెల్డింగ్ జేసిన. పనొచ్చినోళ్లను కెనడా తీసుకుంటదంటే, ఆడ పెండ్లాం పిల్లలతోని ఉండిపోనీకి దరఖాస్తు వెట్టిన. కంపెనీ కాయిదంల 'మంచి పనిమంతుడు' అని ఒక్క ముక్కనే ఉన్నదని తిప్పి పంపిండ్రు. ఏమేం జేసిననో ఒక్కొక్కటి రాయాల్నట. మా సూపర్‌వైజర్ సెలవు మీద నిర్మల్ వచ్చిండు, సంతకం వెడ్తడు."

చదివి వినిపించాడు. తుప్పు గీకడం, అంచు సాపు చేయడం, సందు కొలవడం, అతకడం, అతుకు చల్లారాక కొట్టి చూడటం. అట్లా పద్దెనిమిది. నోరు తెరుచుకుని విన్నాను. ఒక్క మాటలో చెప్పే పనిలో ఇన్ని పనులుంటాయని నాకు ఎవరూ చెప్పలేదు.

"కండ్లకు అద్దం వెట్టుకోవా మరి?" అన్నాను.

అతను నవ్వాడు. "రోజు జేసేదే యాదికి రాలే," అని పంతొమ్మిదోది రాసుకున్నాడు.

అతనికి కెనడా వచ్చిందో లేదో తెలియదు. అప్పటిదాకా నన్నెవరన్నా పనేంటని అడిగితే "ఏం లేదు, ఇంట్ల బీడీలు జేస్త" అనేదాన్ని. ఆ వారం నా పని నేనూ రాశాను. ఆకు కత్తిరించడం, తంబాకు నింపడం, చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం. మొత్తం పదకొండు వచ్చాయి.

మర్నాడు ఆకు నానబెడుతుంటే తెలిసింది, అదే రాయలేదని.