రెండో పంపు

పాత పంపుహౌస్‌లో రెండు పంపులుండేవి. ఒకటి తిరిగేది, ఒకటి ఊరికే ఉండేది. మిట్టమీది కాలనీకి ట్యాంకు లేదు. పంపు తిరిగినంతసేపే కుళాయిల్లో నీళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆపరేటరు అతనే. ఆ కాలనీలో చివరి ఇల్లు అతని అక్కది.

కొత్త పంపుహౌస్ కట్టే ముందు ఆఫీసులో మూడు రోజుల సమావేశం జరిగింది. వాల్యూ ఇంజనీరింగ్ అన్నారు. డిజైన్‌లోని ప్రతి వస్తువునూ పట్టుకుని, ఇది చేసే పనేమిటి, ఇది లేకపోతే ఆ పని ఆగుతుందా అని అడుగుతారు. మంచి పద్ధతే. గేటు మీది గ్రానైటు పలక పోయింది. అధికారుల విశ్రాంతి గది పోయింది. అప్పుడు ఆపరేటరు కూడా నవ్వాడు.

తర్వాత రెండో పంపు వంతు వచ్చింది. సమావేశం నడుపుతున్న ఇంజనీరమ్మ అతని వైపు తిరిగింది.

"మొదటిది చెడిపోయి రెండోది వెయ్యాల్సి వచ్చింది ఎన్నిసార్లు, బాబాయ్?"

"నా చేతిలో పంపు చెడిపోవడమా? ఒక్కసారి కూడా లేదమ్మా."

చప్పట్లు కొట్టారు. అతను లేచి నమస్కారం పెట్టాడు. కూర్చునేసరికి కాగితం మీద రెండో పంపు అడ్డంగా కొట్టేసి ఉంది.

ప్రతి శుక్రవారం అతను రెండోది వేసి, మొదటిది ఆపి, బేరింగులు విప్పి కడిగేవాడు. నాలుగు గంటల పని. అతని దృష్టిలో అది పంపు వాడటం కాదు, ఇల్లు ఊడ్చేటప్పుడు మంచం జరపడం. అదంతా అప్పుడు చెప్పాడు. ఆమె ఓపికగా విని లాగ్‌బుక్ తెప్పించింది. శుక్రవారాలన్నీ మిగతా రోజుల్లాగే ఉన్నాయి.

"రాయనిదాన్ని నేనెలా పెట్టను, బాబాయ్?" అంది.

కొత్త పంపుహౌస్‌లో ఒకటే పంపు. మొదటి శుక్రవారం దాన్ని ఆపాడు. గంట తిరక్కుండా కాలనీ అంతా ఆఫీసుకు ఫోన్లు చేసింది. రాత్రింబవళ్లు సరఫరా అని మాట ఇచ్చాం, ఆపరాదు అని పైనుంచి ఉత్తరం వచ్చింది. అక్క కూడా తిట్టింది. నలుగురిలో గొప్పలు పోయేవాడివి తోబుట్టువు నోట్లో మట్టి కొట్టావురా అంది.

ఏడో నెలలో బేరింగు సన్నగా మూలగసాగింది. విప్పి కడక్కపోతే పంపే పోతుంది, విప్పాలంటే ఆపాలి. ఆపనివ్వమని ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాడు. పరిశీలనలో ఉందన్నారు.

అక్కకు ఫోన్ చేశాడు.

"ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నింపి పెట్టుకో."

"ఎన్ని రోజులకి సరిపడా?"

పంపు పక్కనే నిలబడి ఉన్నాడు. దాని మూలుగు విన్నాడు.

"ఎన్ని గిన్నెలుంటే అన్నీ అక్కా."