ప్రవీణు వేసిన గుమ్మడి

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది ఓబుళమ్మ చేను. మిగతా నేలలో ఏ ఏడు ఏది వేసినా, బోరు పక్కన నీళ్లు బాగా పారే మడి మాత్రం గుమ్మడికే. ఆమె పెళ్లయిన కొత్తలో పాములపాడు నుంచి వాళ్ల నాయన ఒక కాయను గోనెసంచిలో పెట్టి బస్సెక్కించి పంపాడు. అప్పటి నుంచి ఆ కాయ విత్తనమే. పీటలా పరుచుకున్న ఆకారం, తొడిమ నుంచి అడుగు దాకా లోతుగా గాళ్లు, పండితే పాత బెల్లం రంగు. ఒక కాయ కోస్తే నాలుగిళ్లకు కూర.

మొగుడు పోయినప్పుడు కొడుకు ప్రవీణు ఇంకా బడిలో ఉన్నాడు. కూలికి పిలిస్తే ఎవరైనా వస్తారు గానీ, ఏ పూట నీళ్లు కట్టాలో ఏ రోజు మందు కొట్టాలో చెప్పేవాళ్లు లేరు. ఆమే నేర్చుకుంది. కొడుకు నంద్యాలలో చదివి, అక్కడే పైపుల అంగట్లో కొన్నాళ్లు పనిచేసి, అది నచ్చక చేనికే తిరిగొచ్చాడు. ఉయ్యాలవాడ పిల్ల భావనను చేసుకున్నాడు.

తల్లీ కొడుకుల మధ్య ఒక్క గుమ్మడి దగ్గరే తగువు. పెద్ద కాయలు ఇప్పుడు ఎవరికీ పట్టవని ప్రవీణు అనేవాడు. ఏ ఇంట్లోనైనా ఉండేది ముగ్గురు నలుగురు, కోసిన కాయ ఒక పూటకు చెల్లిపోవాలంటారు, అంగళ్లవాళ్లు కూడా ముక్కలు కోసి పెట్టుకుంటే వాడిపోతాయని తీసుకోరు. ఓబుళమ్మ వినేది కాదు. మిగిలితే ఇరుగు పొరుగుకు ఇవ్వాలి, అందుకే కదా దేవుడు అంత కాయ ఇచ్చింది అనేది. చివరికి ప్రవీణు ఆళ్లగడ్డలో లక్ష్మయ్య విత్తనాల అంగడికి పోయి హైబ్రిడ్ పాకెట్లు తెచ్చాడు. మడిని సగానికి పంచుకున్నారు. ఇటు అమ్మది, అటు కొడుకుది.

ప్రవీణు కాయలు గుండ్రంగా, చిన్నగా, ఆకుపచ్చ తోలు మీద తెల్లమచ్చలతో వచ్చాయి. ఓబుళమ్మ వాటికి చెండుకాయలని పేరు పెట్టింది. నంద్యాల నుంచి బేరగాడు ఆటో వేసుకొని చేనికే వచ్చి వాటిని ఎత్తుకుపోయాడు. ఆమె కాయలు పంచలో వరసగా కూర్చున్నాయి. ప్రవీణు వచ్చే ఏడు మడంతా తన రకమే వేద్దామని అడిగాడు. ఆమె ఒప్పుకోలేదు. రెండో ఏడు కూడా సగం సగమే వేశారు.

ఆ రెండో ఏడే, కాయలు ముదిరే వేళ ప్రవీణుకు జ్వరం వచ్చింది. మాత్రలు మింగి చేనికి పోయాడు. తన సగంలో పండిన కాయలు కొన్ని కోసి, పంచలో గడ్డి పరిచి, తొడిమలు పైకి ఉండేట్టు పేర్చాడు. అవి పేర్చిన సాయంత్రం నిలబడలేక మంచమెక్కాడు. నంద్యాలకు తీసుకుపోయేసరికి రక్తంలో కణాలు బాగా పడిపోయాయన్నారు. ఓబుళమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చొని, వాడు లేస్తాడనీ, లేచాక మడంతా వాడికే ఇచ్చేస్తాననీ భావనతో చెప్పింది. వాడు లేవలేదు.

బేరగాడు వచ్చి ప్రవీణు సగంలో తీగల మీద మిగిలిన కాయలన్నీ ఎత్తుకుపోయాడు. పంచలోవాటి మీద చెయ్యి వేయబోతే ఓబుళమ్మ వద్దంది. చలికాలమంతా అవి అక్కడే ఉన్నాయి. ఊడ్చేటప్పుడు చీపురు వాటి దాకా పోయి ఆగేది. ఎండలు ముదిరాక ఒక కాయ అడుగు మెత్తబడింది. అప్పుడు ఆమె కత్తి తెచ్చుకొని అన్నీ కోసింది. గింజలు కడిగి, చాట మీద ఆరబెట్టి, బూడిద పట్టించింది. గుజ్జు వండితే తనకు సహించలేదు, భావన చేత ఇరుగిళ్లకు పంపించింది.

భావనను తీసుకుపోవడానికి ఉయ్యాలవాడ నుంచి వాళ్ల నాయన రెండుసార్లు వచ్చాడు. ఈ పంట చూసి వస్తానని ఆ పిల్ల రెండుసార్లూ చెప్పి పంపింది.

తొలివాన పడగానే ఓబుళమ్మ మడంతా కొడుకు గింజలే పెట్టింది. తన పాత విత్తనాల మూట అటక మీద నుంచి దించనే లేదు. "నాది చానా ఏండ్లు వేస్తి. ఈ తూరి అంతా వానిదే" అంది భావనతో. భావన తల వంచుకొని గింజలు అందించింది.

మొలకలు బాగా వచ్చాయి. పొద్దు పొడవకముందే ఓబుళమ్మ మడిలో ఉండేది. ఎన్నాళ్లకో ఆమె ఆకలిగా ఉందని అడిగి అన్నం పెట్టించుకుంది. పిందెలు పడ్డాక మాత్రం ఆమెకు అనుమానం మొదలైంది. ఒక తీగకు సొరకాయలా పొడుగు పిందె. పక్క తీగకు గాళ్లు. ఒకటి బూడిదరంగు, ఒకటి పసుపు. కొన్ని చేతిలో ఇమిడేంతే ఉండి ముదిరిపోయాయి. ఒక్క తీగ కాయలు మాత్రం గుండ్రంగా, తెల్లమచ్చలతో అచ్చం వాడి కాయల్లాగే ఉన్నాయి. ఆమె ఆ తీగ దగ్గరే కూర్చొని కలుపు తీసేది. తీరా ఒక కాయ కోసి చూస్తే లోపల పాలిపోయి, పీచుపీచుగా ఉంది.

బేరగాడు వచ్చాడు. మడంతా తిరిగి, ఒకదాని మాదిరి ఇంకోటి లేదనీ, ఇవి అంగట్లో పెడితే ఎవరూ ముట్టరనీ చెప్పి ఖాళీ ఆటోతోనే పోయాడు.

ఎరువు చాలలేదేమో, నీళ్లు తప్పాయేమో, తన వల్లే చెడిపోయిందేమో అని ఓబుళమ్మ కుమిలింది. రెండు కాయలు సంచిలో వేసుకొని ఆళ్లగడ్డ పోయి లక్ష్మయ్య ముందు పెట్టింది. లక్ష్మయ్య వాటిని తిప్పి చూసి, విత్తనం యాడిదని అడిగాడు. ఆమె చెప్పింది. అతను అంగట్లో ఉన్న వేరే బేరాన్ని పంపించేసి, ఆమెకు స్టూలు వేశాడు.

"నీ తప్పేం లేదమ్మా" అన్నాడు. "ఇది రెండు రకాలు కలిపి తీసిన విత్తనం. మొదటి తూరి ఒకే మాదిరి కాస్తాది. దాని గింజ పెడితే మళ్లా అదే రాదు. ఏటేటా కొత్తగా తెచ్చుకోవాల్సిందే."

"ఎంత బాగా చూసుకున్యా రాదా?"

"రాదమ్మా."

అదే రకం పాకెట్ ఇప్పటికీ వస్తుందనీ, కావాలంటే ఊరికే తీసుకుపొమ్మనీ అతను ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. పాకెట్ మీద ఆ గుండ్రటి కాయ బొమ్మ ఉంది. ఓబుళమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఇది నీ అంగట్లోదప్పా" అంది. "నాకు వాడు కాపిచ్చిన కాయది కావాల."

ఇంటికొచ్చి భావనతో లక్ష్మయ్య అన్నదంతా చెప్పింది. భావన పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే ఏడ్చింది. ఈ సంగతి తనకు ముందే తెలుసని, పాకెట్లు తెచ్చినప్పుడే ప్రవీణు చెప్పాడని అంది.

"నువ్వు చాట మీద గింజలు ఆరబోసుకుంటాంటే నాకు నోరు రాలేదత్తా. ఈ పొద్దు చెప్దామనుకుంటి, రేపు చెప్దామనుకుంటి."

ఓబుళమ్మకు కోపం రాలేదు. కోడలి పక్కన కూర్చొని తల నిమిరింది. చెప్పినా తాను వినేదాన్ని కాదులే అంది.

కాయలు ఊరి పశువులకు పోయాయి. పోకముందు వాటిలో కాస్త రుచిగా ఉన్న కాయ గింజలైనా దాచుకోమని భావన అడిగింది. ఓబుళమ్మ వద్దంది. అది తనదీ కాదు, వాడిదీ కాదు, ఎవరిదని పెట్టుకోవాలని అడిగింది.

పంట అయిపోయాక ఓబుళమ్మే ఉయ్యాలవాడకు ఫోన్ చేసి, వచ్చి పిల్లను తీసుకుపొమ్మంది. చిన్నపిల్ల, ఇక్కడ అత్త మొహం చూసుకుంటూ ఎన్నాళ్లుంటుందని భావన నాయనతో అంది. భావన వెళ్లనని రెండు రోజులు మొండికేసింది. తర్వాత బట్టలు సర్దుకుంది. ఆళ్లగడ్డ బస్టాండులో అత్త చెయ్యి పట్టుకొని, బస్సు కదిలేదాకా కిటికీలోంచి వదల్లేదు.

ఈ ఏడు ఓబుళమ్మ తన విత్తనాల మూట దించకుండానే, బోరు మడిని పక్కచేను రాజరత్నానికి పంటలో పాలు ఇచ్చే లెక్కన కోరుకిచ్చింది. ఏం వేయమంటావని అతను మర్యాదకు అడిగితే, నీ ఇష్టమప్పా అంది. రాజరత్నం బెండ వేశాడు. ఆమె మిగతా చేనికి పోయి వస్తూనే ఉంది, గట్టు మీద కూర్చొని సద్ది తింటూనే ఉంది. బోరు వైపు కాకుండా ఇవతల ముఖం పెట్టి కూర్చుంటుంది.