లవంగం వాసన పోయాక

పదవీ విరమణకు ఆరేళ్ల ముందు, జూన్ మొదటి వారంలో, డిప్యూటీ డెంటల్ సర్జన్ హోదాలో గుడివాడ నుంచి దివిసీమలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ అయ్యాను. దంత విభాగం అంటే ఒక కుర్చీ, నేను, సహాయకురాలు సూర్యకుమారి. నెలకొకసారి తీరగ్రామాల్లో శిబిరం పెట్టడం కూడా మా విధుల్లో భాగమే.

ఆగస్టు శిబిరం నాగాయలంక దగ్గర ఒక ఊళ్లో, పాఠశాల వరండాలో జరిగింది. పుచ్చిన పన్నును శాశ్వతంగా నింపడానికి మేము వాడేది గ్లాస్ అయోనమర్ సిమెంటు. మెత్తని గాజుపొడిని చిక్కని ఆమ్ల ద్రావణంతో నిర్ణీత పాళ్లలో, అర నిమిషంలో కలపాలి. ఆమ్లం గాజులోని కాల్షియాన్ని లాగి అయిదారు నిమిషాల్లో గట్టిపడుతుంది. అల్యూమినియం నిదానంగా చేరుతుంది కాబట్టి మర్నాటికి గాని అసలు బలం రాదు. ఆ రోజు జీపులో ఎండకి ద్రావణం సీసాలోనే జిగురులా సాగుతోంది.

"రెండు చుక్కలు డిస్టిల్డ్ వాటర్ వేస్తే సరిపోద్ది సార్. ఎవరికి తెలుస్తుంది?" అంది సూర్యకుమారి.

"పన్నుకి తెలుస్తుంది," అన్నాను. సీసా పక్కన పెట్టించాను. నీళ్లు కలిపిన సిమెంటు గట్టిపడినట్టే కనిపించి, కొద్ది నెలల్లో అంచుల దగ్గర కరిగిపోతుంది. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను.

వరసలో వెంకటలక్ష్మి వచ్చింది. నలభై లోపు వయసు. రొయ్యల చెరువుల్లో పట్టుబడి జరిగేటప్పుడు రొయ్యల్ని సైజులవారీగా ఏరడం ఆమె పని. ఎడమవైపు కింది దవడలో రెండో పెద్ద దంతం నరం దగ్గరి దాకా పుచ్చింది. ఆ గుంటలో లవంగం ముక్క ఇరికించుకుని ఉంది. దాన్ని తీసి, శుభ్రం చేసి, జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో కలిపి నింపాను. యూజినాల్ అంటే లవంగనూనెలోని సారమే. ఇది తాత్కాలిక సిమెంటు. నరాన్ని శాంతింపజేస్తుంది. రెండు వారాలు చూసి, నరం బతికి ఉంటే శాశ్వతంగా నింపాలి, లేకపోతే రూట్ కెనాల్ చేయాలి.

ఆమె నాలుకతో తడిమి చూసుకుని, "ఇదేంటండీ, నా లవంగం తీసేసి మళ్ళీ లవంగమే పెట్టారు? దీనికేనా పొద్దుటి నుంచీ లైన్లో నిలబెట్టింది?" అంది. వరస వరసంతా నవ్వింది.

నేనూ నవ్వుతూ, "నీది చదువుకోని లవంగమమ్మా, ఇది చదువుకున్నది. ఈ వాసన పోయేసరికి నొప్పి కూడా పోతుందిలే," అన్నాను.

చీటీ మీద 'రెండు వారాల్లో రావాలి' అని రాసిచ్చాను. శిబిరం రిజిస్టరులో 'తీసినవి', 'నింపినవి' అని రెండే గళ్లు ఉండేవి. ఆమె పేరు 'నింపినవి'లో చేరింది. రెండు వారాలకి ఆమె రాలేదు. నేను గమనించలేదు.

ఈ తాత్కాలిక సిమెంటు గురించి ఒక సంగతి చెప్పాలి. తేమ లేకుండా ఇది గట్టిపడదు. మా సముద్రతీరపు గాలిలో కలుపుతుండగానే పలక మీద బిగుసుకుపోయేది. కానీ ఈ చర్య వెనక్కి కూడా నడుస్తుంది. నోట్లోని తడి దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతుంది. యూజినాల్ బయటికి పోతుంది, మిగిలేది సున్నం లాంటి పొడి. యూజినాల్ ఉన్నన్నాళ్లూ నొప్పి అణిగి ఉంటుంది. ఈలోగా నరం చచ్చిపోతే ఆ తర్వాత కూడా నొప్పి ఉండదు.

డిసెంబరులో ఒక ఉదయం ఆమె భర్త నాగేశ్వరరావు ఆమెను ఆటోలో తీసుకొచ్చాడు. గడ్డం కింద రెండు వైపులా వాపు, చెక్కలా గట్టిగా ఉంది. నోరు వేలెడు కూడా తెరుచుకోవడం లేదు. నాలుక పైకి లేచిపోయింది. ఉమ్ము మింగలేక చెంగుతో తుడుచుకుంటోంది. చచ్చిన పంటి వేళ్ల నుంచి చీము దవడ కిందికి దిగితే వచ్చే స్థితి అది. గంటల్లో ఊపిరి మూసుకుపోతుంది. సిరలోకి మందులు ఎక్కించి, 108కి ఫోన్ చేయించాను.

"ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు?" అని గట్టిగానే అడిగాను.

"మీరు చెప్పినట్టే అయిందండీ," అన్నాడు నాగేశ్వరరావు. "నెలన్నరకి వాసన పోయింది, నొప్పీ పోయింది. డాక్టరు గారు చెప్పింది చెప్పినట్టు జరిగిందని మా ఆవిడ చెరువు మీద అందరికీ చెప్పింది. ఇంకెందుకొస్తామండీ?"

ఆమె తల ఊపింది.

మచిలీపట్నంలో గొంతుకి రంధ్రం చేసి ఊపిరి అందించారు, చీము తీశారు, పన్ను పీకారు. మర్నాడు వెళ్లాను. అక్కడి సర్జను ఆ పన్నును గాజుగుడ్డలో పెట్టి నా చేతికిచ్చాడు. నేను నింపిన సిమెంటు ఇంకా అందులోనే ఉంది. ప్రోబు మొన తగలగానే పొడిగా రాలింది. ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఏ వాసనా లేదు. మూడో రోజు చీము ఛాతీలోకి దిగి వెంకటలక్ష్మి చనిపోయింది.

నాగేశ్వరరావు నా మీద ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. నేనే జరిగింది రాసి పైఅధికారికి పంపాను. చికిత్సలో లోపం లేదని జవాబొచ్చింది. నేను అన్న మాటను కూడా అందులో రాశాను. దాని గురించి జవాబులో ఏమీ లేదు.

ఆ శిబిరంలో అదే సిమెంటు పెట్టినవాళ్లు ఇంకా ఆరుగురు ఉన్నారని సూర్యకుమారి గుర్తు తెచ్చుకుంది. వారం రోజులు సెలవు పెట్టి ఇళ్లకు వెళ్లి వెతికాం. అయిదుగురు దొరికారు. వాళ్లలో ఇద్దరికి నరం అప్పటికే చచ్చిపోయింది, నొప్పి లేదు. "వాసన పోయిందండీ, తగ్గిపోయింది," అన్నారు ఇద్దరూ. వరసలో నిలబడి నా మాట విన్నవాళ్లే. ఆరో మనిషి పనికోసం ఊరు వదిలి వెళ్లాడు. ఎక్కడున్నాడో తెలియలేదు.

తర్వాత రిజిస్టరులో స్కేలు పెట్టి మూడో గడి గీశాను: 'తాత్కాలికం'. రెండు వారాల్లో రానివాళ్ల ఇంటికి కబురు పంపాం, లేదా మేమే వెళ్లాం. రోగికి చెప్పే మాట కూడా మార్చాను: "వాసన పోయిందంటే మందు అయిపోయిందని. ఆ రోజే రా."

నొప్పి లేకపోవడం నయమైందనడానికి గుర్తు కాదని కాలేజీలోనే చదివాను. రోగికి కూడా అది తెలిసి ఉంటుందని అనుకోవడం నా తప్పు. సిమెంటు పాళ్లలో ఒక్క చుక్క తేడాకి ఒప్పుకోనివాడిని, ఆ ఒక్క వాక్యాన్ని కొలవకుండా అన్నాను.