బర్రె మీదుగా మాట

మా చిన్న ట్రాక్టరు వెనక చక్రాన్ని పట్టి ఉంచే బోల్టుల్లో ఒకటి ఎంత బిగించినా ఊరికే తిరుగుతూ ఉండేది. బోల్టు కొత్తదే; అది దిగే రంధ్రంలోని మర అరిగిపోయింది. ఉప్పుగాలి ఏళ్ల తరబడి దాన్ని తినేసింది. మామూలు దుక్కికైతే బోల్టుకు పలుచని రాగితీగ చుట్టి నెట్టుకొచ్చేదాన్ని. దమ్ము కోసం ఇనుప చక్రాలు తగిలించాక, బురదలో ఆ లాగుడుకు తీగ నిలవదు. చక్రం ఊడి బండి మడి మధ్యలో కూలబడితే, బయటికి లాగడానికి ఊళ్లోంచి మరో బండి రాదు. కాలువ నీళ్లు ఆ వారంతో ఆగిపోతాయి. ఆలోగా దమ్ము ముగియకపోతే నారు ముదిరిపోతుంది. ఇక ఆ ఏటికి పంట లేదు.

మరో బండి ఎందుకు రాదో చెప్పాలి. రొయ్యల గుంటల ఉప్పునీటిని పంటకాలువలోకి వదలడం ఏ న్యాయమని గ్రామసభలో లేచి అడిగింది నేను. అధికారులు వచ్చి తూములు మూయించారు. గుంట లేని ఇల్లు మా ఊళ్లో దాదాపు లేదు. నాతో ఎవరూ మాట్లాడకూడదని పెద్దమనుషులు కట్టు పెట్టారు. ఎవరూ తిట్టలేదు, దారికి అడ్డు రాలేదు. నేను ఎదురైతే సగం మాట దగ్గర ఆగిపోయేవారు. ఎదుటివారి వాదాన్ని ఖండించడం కళాశాల చర్చాపోటీల్లో నేర్చుకున్నాను. వాదించడానికే ఇష్టపడని ఎదుటివారితో ఏం చేయాలో అక్కడ చెప్పలేదు. నాన్న పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. కొన్ని సాయంత్రాలు నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

వాకాడులో లేత్ షాపు నడిపే ఆయన మా ఊరికి రాలేనన్నారు. రంధ్రాన్ని ఒక సైజు పెద్దది చేసి కొత్త మర కోసుకొమ్మని డ్రిల్లింగ్ మిషను, మర కోసే ట్యాపు, దానికి సరిపోయే పెద్ద బోల్టు ఇచ్చి పంపారు.

"తిన్నగా దిగాలమ్మా. మొదట్లో రవ్వంత ఒరిగిందా, చివరిదాకా ఒరిగే పోతది. నువ్వు పైనుంచి చూస్తా ఉంటే, పక్కనుంచి ఇంకొకరు చూడాల," అన్నారు.

ఆ ఇంకొకరు ఎవరని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

మోటారు షెడ్డు పక్కన చక్రం విప్పి, రంధ్రం పెద్దది చేసి, నూనె రాసి ట్యాపు ఆనించాను. పైనుంచి చూస్తే తిన్నగానే ఉంది. పక్కకు వెళ్లి చూద్దామని చేయి వదిలితే వాలిపోయేది. మళ్లీ ఆనించడం, మళ్లీ వాలడం.

"ఏందే, అట్టా నేలచూపులు చూస్తా ఉండావు? తల రవ్వంత పైకెత్తు!"

గట్టు మీద పక్క గుంట వాళ్ల అక్క. చూపు తన బర్రె మీదే ఉంది. బర్రె మాత్రం బుద్ధిగా గడ్డి మేస్తోంది. మా వైపు మాటలు లేనివాళ్లు చెప్పదలచుకున్నది గొడ్డుకో గోడకో చెబుతారు. అలా చెబితే కట్టు తప్పినట్టు కాదు. ఆ మాట నా ట్యాపుకని అర్థమై, దాని పిడిని కొద్దిగా పైకెత్తాను.

"ఎత్తమంటే ఆకాశానికి ఎత్తుతావా? దించు. ఆఁ, అట్టనే పో."

నేనూ బర్రెనే అడిగాను. "ఎత్తినా తప్పే, దించినా తప్పే. ఈమెతో ఎట్టా వేగతా ఉండావే?"

"నోరు లేదు గాబట్టి వేగతా ఉండాది," అంది అక్క, దాని వీపు నిమురుతూ. "కొందరికి ఉండాది నోరు. ఆ నోటి పుణ్యాన గుంట నీళ్లకి కొత్త దోవ తవ్వి తవ్వి మా ఆయన నడుం పడిపొయ్యింది. ఆ సంగతి సభలో చెప్పేవాళ్లు లేకపోయిరి గదే మనకి."

చర్చాపోటీలో వక్తలు ఒకరినొకరు సంబోధించరాదు. ప్రతి మాటా అధ్యక్షులకే విన్నవించాలి. ఇక్కడ అధ్యక్షురాలు తోక ఆడించింది.

"ఉప్పు తాగి మాడిన నారు సంగతో?" అన్నాను.

అక్క బర్రె మెడలో పలుపు సర్దింది. "అదీ నిజమే అనుకో," అంది, బర్రెతోనే.

ట్యాపు ఇనుమును పట్టింది. కొంత ముందుకు, కొంత వెనక్కి తిప్పుతూ ఉంటే మెరిసే రజను నూనెతో కలిసి రాలింది. పెద్ద సైజు బోల్టు వేళ్లతోనే సగం దాకా దిగింది. స్పానర్ వేసి బిగించాను. గట్టిగా నిలిచింది. ఆ సంతోషంలో లేచి, ఆమె కళ్లలోకి చూస్తూ అన్నాను: "అక్కా, నువ్వు లేకపోతే ఇది అయ్యేదే కాదు."

ఆమె ముఖం ముడుచుకుపోయింది. ఎవరైనా విన్నారేమోనని వెనుదిరిగి గుంటల వైపు చూసింది. పలుపు లాగి, బర్రెతోనూ ఒక్క మాట అనకుండా వెళ్లిపోయింది.

సూటిగా మాట్లాడటమే నిజాయితీ అని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ఆ సూటి మాట ఆమెకున్న ఒక్క చాటునూ తీసేసింది.

నీళ్లు ఆగేలోగా దమ్ము ముగిసింది. బోల్టు వదులు కాలేదు. చివరి మడిలో ఇంజను ఆపి చూస్తే, అవతలి గట్టు మీదుగా ఆమె బర్రెను తోలుకుపోతోంది. దానితో ఏదో అంటూనే ఉంది. గాలి అటు వీస్తోంది, నాకు వినిపించలేదు.